చూడలేదని సంతకం పెట్టను

ఫిబ్రవరి 9

అత్తా,

నేను బాగానే ఉన్నాను. ఇది మర్యాదకి రాసిన ముక్క కాదు. కింద రాసింది చదివాక నీకు అనుమానం వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. నాన్నకి మాత్రం చెప్పకు. నాన్నకి తెలిస్తే అమ్మకి తెలుస్తుంది, అమ్మ చేతిలో గరిటె అక్కడే పడేసి బస్సెక్కేస్తుంది. ఫోన్లు లేని ఈ హాస్టల్లో ఉన్న ఒకే ఒక్క సుఖం, ఎవరి కంగారైనా ఇక్కడికి చేరేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

నిన్న లెక్కల పరీక్ష అయింది. మీ కాలంలో ఎలా జరిగేదో గానీ ఇప్పుడు ఇలా జరుగుతోంది. లెక్కల మాస్టారు ప్రశ్నపత్రాలు పంచి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోతారు. మళ్ళీ గంట కొట్టాకే వస్తారు. మధ్యలో పెద్దవాళ్ళెవరూ ఉండరు. చివర్లో ప్రతివాళ్ళూ మాట చీటీ మీద సంతకం పెట్టి, జవాబులకి గుచ్చి ఇవ్వాలి. చీటీ మీద ఇప్పటికీ నువ్వు చదివినప్పుడు మీ బ్యాచి రాసిన వాక్యమే ఉంది: ‘ఈ పరీక్షలో నేను ఎవరి సాయమూ తీసుకోలేదు, ఎవరికీ సాయం చేయలేదు, ఎవరైనా అలా చేయగా చూడలేదు.’

నేను ఆ మూడో ముక్క కొట్టేసి సంతకం పెట్టాను.

ఎందుకంటే చూశాను. చూసి చూడలేదని ఎలా రాస్తాను? మాస్టారు కాగితాలు లెక్కపెట్టుకుంటూ నా చీటీ దగ్గర ఆగారు. కళ్ళజోడు పైకి తోసుకుని, ‘చేయి జారిందా?’ అనడిగారు. ‘లేదు సార్, కావాలనే’ అన్నాను. ఆయన చీటీని కట్టలో పెట్టేసుకున్నారు. ఈ బడిలో నాకు ఆయనంటేనే ఇష్టం, నీకు తెలుసు. నేను సగం అడిగిన ప్రశ్నకి మిగతా సగం కూడా ఆయనే అడిగి, జవాబు మాత్రం చెప్పకుండా వెళ్ళిపోతారు. చివరి సంవత్సరం కూడా ఇక్కడే చదవాలని నేను పట్టుబట్టింది ఆయన కోసమే.

మిగతా విశేషాలేమీ పెద్దగా లేవు. నా గదిలో ఉండే పిచ్చుక (అదే, సన్నగా ఉండి రోజంతా కిచకిచలాడే పిల్ల, సెలవుల్లో మనింటికి వచ్చి నీ చీర మీద కాఫీ ఒలకబోసింది) నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. పరీక్ష నుంచి రాగానే కుళాయి దగ్గర కూర్చుని అరచేతులు ఎంతసేపు రుద్దిందో చెప్పలేను. వార్డెన్ వచ్చి నీళ్ళు కట్టేస్తే గానీ లేవలేదు.

ఈ చీటీల తగవులు తేల్చే మాట సంఘం వాళ్ళు రేపు రమ్మన్నారు. ఏమంటారో చూద్దాం.

నీ కోడలు


ఫిబ్రవరి 13

ఏమే మిరపకాయా,

నీ ఉత్తరం బస్సు డిపోలో చదివాను. చదువుతుంటే పక్కన ఇంజను ఆన్ చేసి ఉంచిన బండి ఒకటి పొగ వదులుతోంది, దాని డ్రైవరు మీద అరిచేశాను. పాపం వాడి తప్పేమీ లేదు, అది నీ వాటా.

సంతకం సగం పెట్టడమేమిటి? నువ్వు ఏదో ఘనకార్యం చేశావని అనుకుంటున్నట్టున్నావు. చూశానని రాశావు సరే, ఎవరిని చూశావో చెప్పకపోతే ఆ రాత దేనికి? ఆ మూడో ముక్క ఊరికే పెట్టింది కాదు. మేం దాని మీద మూడు సాయంత్రాలు కొట్టుకున్నాం. కావాలన్నవాళ్ళలో నేను ముందు నిలబడ్డాను. చేతులెత్తించి లెక్కపెట్టారు. మా పేర్లు ఇప్పటికీ అసెంబ్లీ హాల్లో చెక్క బోర్డు మీద ఉన్నాయి, రోజూ చూస్తూనే ఉంటావు. మేం ఏమనుకున్నామంటే, కాపలా వద్దనుకున్నప్పుడు ఒకరికొకరం కాపలా ఉండాలి. చూసినవాళ్ళు చెప్పాలి. అది చాడీ కాదు, బాధ్యత.

నేను ఆ బడిలో చదివినన్నాళ్ళూ పక్క కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. ఎందుకో తెలుసా? నన్ను నమ్మి తలుపు వేసి వెళ్ళారు కాబట్టి. ఆ తలుపు మూసిన చప్పుడు నాకిప్పటికీ ఇష్టం. ఈ డిపోకి ఇన్‌ఛార్జిగా వచ్చాక నేను చేసిన మొదటి పని అదే. ప్రతి డ్రైవరూ బండెక్కే ముందు నిద్ర చీటీ మీద సంతకం పెట్టాలి: ‘రాత్రి సరిగ్గా నిద్రపోయాను.’ డాక్టరు లేడు, పరీక్ష లేదు, మాటే. నేనొచ్చాక సంతకం పెట్టనన్న డ్రైవరు ఒక్కడు లేడు. మనుషుల్ని నమ్మితే నమ్మకం నిలబెట్టుకుంటారే.

నువ్వు వెళ్ళి పేరు చెప్పెయ్. స్నేహితురాలని వెనకాడుతున్నావేమో. నిజంగా స్నేహితురాలైతే ఇవాళ పట్టుబడటమే దానికి మేలు.

మీ నాన్నకి చెప్పలేదు. అడిగితే అబద్ధం చెప్పను, వాడు అడగకుండా దేవుడు చూసుకోవాలి.

అత్త


ఫిబ్రవరి 18

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. కోపంలోనే రాస్తున్నాను, ఏడుస్తూ రాస్తే అక్షరాలు బాగుండవు.

మాట సంఘం నన్ను పిలిచింది. ప్రిన్సిపాల్ మేడం, ముగ్గురు మాస్టార్లు, పై తరగతి నుంచి ఇద్దరు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. మార్చి రెండో తేదీ లోపు పేరు చెప్పాలట. లేదా ఆ ముక్క కొట్టేయకుండా కొత్త చీటీ మీద సంతకం పెట్టాలట. రెండూ చేయకపోతే పరీక్ష లెక్కలోకి రాదు. పరీక్ష లెక్కలోకి రాకపోతే చివరి సంవత్సరం సీటు లేదు.

ఇప్పుడు నువ్వే చెప్పు. చూడలేదని అబద్ధం రాస్తే సీటు ఉంటుంది. చూశానని నిజం రాస్తే పోతుంది. ఆ గదిలో నిజం రాసింది నేనొక్కదాన్నే, సంఘం ముందు నిలబడిందీ నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు క్యారమ్స్ ఆడుకుంటున్నారు.

పేరు చెప్పమంటున్నావు. అత్తా, అది ఒక పేరు కాదు. మాస్టారు వెళ్ళిన కాసేపటికి వెనక బెంచీల నుంచి ఒక కాగితం బయల్దేరింది. అది చేతులు మారుతూ పోయింది. గదిలో సగం మంది దాన్ని చూసుంటారు, ఇంకా ఎక్కువేనేమో. నేను తల దించేసుకున్నాను, ఎవరెవరో నాకు సరిగ్గా తెలియదు. తెలిసిన ఒకరిద్దరి పేర్లు చెబితే, మిగతావాళ్ళంతా మంచివాళ్ళని నేను రాసిచ్చినట్టే కదా. అందరి పేర్లూ చెప్పాలంటే ఊహించి చెప్పాలి. ఊహించి ఒకరి మీద వేలు చూపించడం నావల్ల కాదు. ఇదే సంఘానికీ చెప్పాను. ‘తెలిసినంతవరకే చెప్పు’ అన్నారు. చెప్పనన్నాను.

మీ వాక్యం మనుషుల్ని నిజాయితీగా మారుస్తుందంటావు. నేను చూసిందేమిటంటే, చీటీ లేకపోతే వాళ్ళు ఒక తప్పు చేసేవాళ్ళు, చీటీ ఉండబట్టి రెండు చేశారు. కాపీ కొట్టి, కొట్టలేదని సంతకం కూడా పెట్టారు. రెండోది అయితే మరీ సులువుగా చేశారు, అసలు చదవను కూడా చదవలేదు. నువ్వు పక్కకి చూడలేదంటే అది చీటీ గొప్పతనం కాదత్తా, నీ గొప్పతనం. తుపాకి పట్టుకుని కాపలా ఉన్నా, ఎవరూ లేకపోయినా నువ్వు చూసేదానివి కాదు.

ఇంకో మాట అడుగుతాను, కొట్టకు. నీ డిపోలో సంతకం పెట్టనన్నవాడు ఒక్కడూ లేడని మురిసిపోయావు. ఇన్నేళ్ళలో, అంతమందిలో, ఒక్క రాత్రి కూడా ఒక్కడికీ నిద్ర పట్టకుండా లేదా? పిల్లలున్నవాళ్ళు లేరా నీ డ్రైవర్లలో?

పిచ్చుక మళ్ళీ మాట్లాడుతోంది. దాని పాట బాలేదన్నానని అలిగిందట. ఇప్పుడు కక్ష తీర్చుకోవడానికి రోజూ పాడుతోంది.

నేను చెప్పను, అబద్ధపు సంతకమూ పెట్టను. సీటు పోతే పోనీ అని అనలేను, పోతే చాలా ఏడుస్తాను. ఏడుస్తూ ఇంటికొస్తాను. అయినా పెట్టను.

నీ కోడలు


ఫిబ్రవరి 19

మిరపకాయా,

నీ జవాబు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. రేపటి నుంచి వారం రోజులు పక్క డిపోలో తనిఖీకి వెళ్ళాలి, అందుకని ఆగలేకపోయాను. నేనొక పని చేశాను. నీకు ముందు కోపం వస్తుంది, తర్వాత అర్థమవుతుంది.

మీ ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాను. ఆవిడ బడిలో నా తర్వాతి బ్యాచి, నన్ను ఎరుగును. నువ్వు ఎవర్ని కాపాడుతున్నావో నాకు నీ మొదటి ఉత్తరంలోనే తెలిసిపోయింది. పరీక్ష నుంచి రాగానే అరచేతులు అంతసేపు ఎవరు కడుక్కుంటారు? అరచేతుల మీద ఏదో రాసుకున్నవాళ్ళే. ఆ రోజు నుంచే నీతో మాట్లాడటం మానేసిందంటే, నువ్వు చూశావని దానికి తెలుసు. పిల్ల చెడ్డదని నేననను. మనింట్లో ఉన్న నాలుగు రోజులూ గలగలా తిరిగింది, నాకూ ముద్దొచ్చింది. కానీ చూసినవాళ్ళు చెప్పాలన్న మాట నేనూ ఇచ్చాను, బడి వదిలితే మాట వదలదు. నువ్వు చెప్పలేకపోయావు, నేను చెప్పాను. చీటీ మీద గీత గీసినవాళ్ళకి పై ఏడు సీటు ఉండదన్నది మా కాలం నుంచీ ఉన్న నియమమే, ఇక నీ సీటుకి ఢోకా లేదు.

తిట్టుకుంటావు. తిట్టుకో. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్నది నేను. నా కళ్ళముందు నీ చదువు ఆగిపోతే నేను చూడలేను.

అత్త


ఫిబ్రవరి 23

అత్తా,

ఏం చేశావు నువ్వు.

పిచ్చుకని తరగతి నుంచి లేపి తీసుకెళ్ళారు. మా గదిలోంచి దాని పరుపు, పెట్టె తీసి నర్సు గది పక్కన ఖాళీగా ఉన్న గదిలో వేశారు. ఎవరూ దానితో మాట్లాడకూడదట. వాళ్ళ అమ్మానాన్నల్ని రెండో తేదీన రమ్మన్నారు.

దాని అరచేతులకి చర్మం ఊడిపోయే జబ్బు ఉంది. నర్సు ఊదా రంగు మందు ఇచ్చింది, రాసుకుంటే చేతులంతా మరక పడుతుంది. అందరూ చూసి నవ్వుతారని అది పరీక్ష అంతా చేతులు మడిచి పెట్టుకుని రాసి, రాగానే కుళాయి దగ్గర కూర్చుంది. నిన్న రాత్రి దొంగతనంగా దాని గది కిటికీ దగ్గరికి వెళ్ళి మాట్లాడితే గానీ ఇది నాకూ తెలియలేదు. నువ్వు ఉత్తరానికే మూడు నాలుగు రోజులు పట్టే దూరంలో కూర్చుని తెలుసుకున్నావు!

నేను సంఘం దగ్గరికి పరిగెత్తాను. ‘అది కాదు’ అన్నాను. ‘మరి ఎవరు?’ అన్నారు. ‘చెప్పను, కానీ అది కాదు’ అన్నాను. మేడం జాలిగా చూసింది. స్నేహితురాలిని కాపాడుకోవడం సహజమే అంది. నా మాట నమ్మడానికి వాళ్ళకి ఏదైనా ఆధారం కావాలట. మాట మీద నడిచే బడిలో నా మాటకి ఆధారం కావాలి, నీ మాటకి అక్కర్లేదు. నువ్వు ఆ గదిలో లేవు, ఆ ఊళ్ళోనే లేవు. కానీ నీ పేరు చెక్క బోర్డు మీద ఉంది.

ఇంకోటి తెలుసా? ఆ కాగితం పిచ్చుక బెంచీ దాకా కూడా వచ్చింది. అది ముట్టుకోలేదు. ఐదో లెక్క రాక ఖాళీగా వదిలేసింది. ఎందుకు వదిలేశావే అని అడిగితే, ‘చివర్లో సంతకం పెట్టాలి కదా’ అంది. మొత్తం గదిలో మీ వాక్యం నిజంగా పనిచేసింది దాని మీదే అత్తా. నువ్వు సరిగ్గా దాన్నే పట్టిచ్చావు.

మరి అది చీటీ మీద చూడలేదని ఎందుకు సంతకం పెట్టింది అంటావేమో. నేనూ అడిగాను. భయమేసిందట. మూడో ముక్క కొట్టేయొచ్చని దానికి తట్టనేలేదట. నా గతి చూశాక ఇకముందు తట్టినా కొట్టేయదులే.

ఇప్పుడు పిచ్చుకని విడిపించాలంటే నాకు తెలిసిన ఇంకో పేరు చెప్పాలి. నువ్వు నన్ను అక్కడికి తెచ్చి నిలబెట్టావు. నేను చెప్పను. కానీ రాత్రి దాని పరుపు ఉన్న చోట ఖాళీ నేల కనిపిస్తోంది, నా నిర్ణయం మీద నాకే కోపం వస్తోంది.

దిద్దు అత్తా. నువ్వు చేసింది నువ్వే దిద్దాలి.

నీ కోడలు


ఫిబ్రవరి 27

అమ్మడూ,

తనిఖీ నుంచి నిన్న రాత్రి వచ్చాను. నీ ఉత్తరాలు రెండూ బల్ల మీద ఉన్నాయి. పద్దెనిమిదో తేదీది ముందు చదివాను. రెండోది తెల్లారేదాకా చదువుతూనే ఉన్నాను.

పొద్దున్నే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను. నేను రాసింది వట్టి ఊహ అని, చూసింది కాదని చెప్పాను. ‘ఫోన్లో కుదరదక్కా, రెండో తేదీన అందరి ముందూ చెప్పండి’ అంది. వస్తున్నాను. ఆ పిల్ల అమ్మానాన్నల మొహం కూడా చూడాలి. ఎలా చూడాలో తెలియదు గానీ చూస్తాను.

తనిఖీకి వెళ్ళినచోట ఏం జరిగిందో చెబుతాను. నీ ఉత్తరం నా చేతికి రాకముందే నీ ప్రశ్న అక్కడ నాకు ఎదురొచ్చింది. అక్కడి డ్రైవర్లకీ నేను నిద్ర చీటీ పెట్టించాలి, పై నుంచి ఉత్తర్వు. మొదటి రోజే ఒక ముసలాయన, ‘సంతకం పెట్టకపోతే ఏమవుతుందండీ?’ అనడిగాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. మా డిపోలో పెట్టకపోతే ఆ రోజు హాజరు పోతుంది, పై అధికారికి సంజాయిషీ రాయాలి. అప్పుడు ఎవడు పెట్టకుండా ఉంటాడు?

ఇవాళ పొద్దున మా వాళ్ళందర్నీ నిలబెట్టి చెప్పాను: నిద్ర లేనివాడు సంతకం పెట్టొద్దు. హాజరు పోదు, సంజాయిషీ లేదు, వెళ్ళి పడుకోండి. ఎవరూ కదల్లేదు. అందరూ సంతకాలు పెట్టేశారు. అప్పుడు మా పహిల్వాన్ లేడూ, మీసాలు తిప్పుతూ రోజూ అందరికంటే ముందు బండెక్కేవాడు, వాడు వెనక్కి వచ్చి పెట్టిన సంతకం కొట్టేశాడు. ‘పాపకి జ్వరమమ్మా, రాత్రి కన్ను మూయలేదు’ అన్నాడు. బండి ఆపేశాను. ప్రయాణికులు నన్ను, మా వంశాన్ని, ఇంకా పుట్టని మనవళ్ళని కూడా తిట్టారు. తిట్లు పడుతూ నేను ఒకటే ఆలోచిస్తున్నాను: ఇలాంటి పొద్దుటి పూటలు ఎన్నిట్లో వీడు సంతకం పెట్టి వెళ్ళి ఉంటాడు?

నువ్వు చెప్పింది నాకు నచ్చలేదు. నచ్చకపోయినా నిజమే.

అత్త


మార్చి 4

అమ్మడూ,

నిన్ను బయట వరండాలో కూర్చోబెట్టారు కాబట్టి లోపల జరిగింది నీకు తెలియదు. వచ్చేటప్పుడు చెప్పే తీరిక ఇవ్వకుండా బస్సు వేళ అయిపోయింది. డిపో ఇన్‌ఛార్జిని, బస్సు తప్పిపోతే పరువేముంది.

ముందు పిచ్చుక వాళ్ళ నాన్న. టైలరట, చొక్కా జేబుకి ఇంకా రెండు గుండుసూదులు గుచ్చే ఉన్నాయి. నేను ఆయన ముందు నిలబడి, ‘మీ అమ్మాయి మీద నేను చూడనిది చెప్పాను, క్షమించండి’ అన్నాను. ఆయన, ‘సరేనండి’ అన్నాడు. వాళ్ళావిడ మాత్రం నా వైపు చూడనైనా లేదు. ఆవిడ చేసిందే సబబు.

సంఘం ముందు అదే చెప్పాను. ప్రిన్సిపాల్ తేలిగ్గా తీసేయబోయింది. ‘మీలాంటివాళ్ళు చెబితే మేం సందేహించం కదక్కా, మంచి ఉద్దేశంతోనే రాశారు’ అంది. అదే తప్పన్నాను. చూడకుండా చెప్పినదాన్ని నమ్మారు, చూసి ‘ఊహించి చెప్పలేను’ అన్నదాన్ని నమ్మలేదు. మా నియమం ప్రకారం అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్ళ పేరు బోర్డు మీద ఉండకూడదు. తీసెయ్యమన్నాను. అది చెక్కిన పేరు, తియ్యడం కుదరదన్నారు. మీ ఆఫీసులో జిగురు ఉంటుందా అని అడిగాను. అటెండరు డబ్బా తెచ్చాడు. నేనే స్టూలెక్కి తెల్ల కాగితం అంటించాను. దిగేటప్పుడు స్టూలు ఊగింది, నీ లెక్కల మాస్టారే పట్టుకున్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. మీటింగులో ఆయన నీ తరఫునే మాట్లాడారు, కానీ చాలా మెల్లగా.

పిచ్చుకకి ఏ మచ్చా లేదని రాసిచ్చారు, దాని పరుపు ఈ పాటికి మీ గదికి వచ్చేసి ఉంటుంది. నీ సంగతి మాత్రం పూర్తిగా తేలలేదు. చీటీ మారదట. మూడో ముక్క తీసేస్తే కాపలా పెట్టాలట, కాపలా పెడితే బడి పేరు పోతుందట. చివరికి మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు. నీ పాత పరీక్ష కొట్టేస్తారు. నువ్వొక్కదానివే ఖాళీ గదిలో కొత్త పరీక్ష రాయాలి, ఎదురుగా మాస్టారు కూర్చుంటారు. ఎవరూ లేని గదిలో చూడలేదని సంతకం పెట్టడానికి నీకు అభ్యంతరం ఉండదని వాళ్ళ లెక్క. పాసైతే సీటు. మళ్ళీ చీటీ మీద గీత గీస్తే ఇంకో మీటింగు ఉండదట, సర్దుకుని ఇంటికే. నేను ఒప్పుకున్నాను. బడంతటికీ నమ్మకం, నీకొక్కదానికే కాపలా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేనింకా మనుషుల్ని నమ్మాలనే అంటాను. ఆ తలుపు మూసిన చప్పుడు నాకింకా ఇష్టమే. కానీ ‘లేదు’ అని చెప్పినవాణ్ణి కొట్టే చోట ‘అవును’ అన్నదానికి విలువేముంది, అది మాత్రం నాకిప్పుడు తెలిసింది. నీ దగ్గర నేర్చుకున్నానని నలుగురిలో ఒప్పుకోను, నీకు కొమ్ములొస్తాయి.

బాగా చదువు. ఈసారి గీత గీయాల్సిన పని పడదులే.

అత్త


మార్చి 19

అత్తా,

నీకు ఓపిక ఉండదు కాబట్టి ముందు ఫలితం చెప్పేస్తాను. పాసయ్యాను. అంచు మీద నిలబడి, కానీ పాసే. సీటు ఉంది. ఇప్పుడు తీరిగ్గా కూర్చో, ఎందుకంటే నేను మళ్ళీ గీత గీశాను.

పరీక్ష పన్నెండో తేదీన, పెద్ద హాల్లోనే పెట్టారు. అన్ని బెంచీలూ ఖాళీ, మధ్యలో నేను. ఎదురుగా కుర్చీలో మాస్టారు. మొదటి మూడు లెక్కలూ బాగానే పోయాయి. నాలుగోది చాలా పొడుగు, సగం పేజీ నిండింది. ఎక్కడో తేడా కొడుతోంది, జవాబు రావాల్సినట్టు రావడం లేదు. మళ్ళీ మొదటి నుంచి చూసుకుంటున్నాను. మాస్టారు లేచి బెంచీల మధ్య నడుస్తున్నారు. నా వెనక ఆగారు. కాసేపు అక్కడే ఉన్నారు. తర్వాత ఆయన వేలు నా భుజం మీదుగా వచ్చి, రెండో వరస మీద, నేను కూడాల్సింది తీసేసిన చోట పడింది. రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు.

వెంటనే కనిపించింది అత్తా. అంత తేలిక తప్పు. ఒక్క గుర్తు మారిస్తే లెక్కంతా సరిపోతుంది.

నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. నేను కనుక్కునేదాన్నేమో. ఇంకో రెండు నిమిషాలు వదిలేసి ఉంటే నేనే పట్టుకునేదాన్నేమో. ఇప్పుడది నాకెప్పటికీ తెలియదు. జవాబు చెప్పని మనిషని కదా ఆయనంటే నాకిష్టం. ఆయనే చెప్పేశారు. నా మీద జాలిపడి చెప్పారు. ఆ జాలి కూడా నాకు అర్థమైంది, అందుకే ఇంకా కోపమొచ్చింది.

ఆ లెక్కని అలాగే వదిలేశాను. గుర్తు మార్చలేదు. మిగతావి రాసుకుంటూ పోయాను. నాలుగోది లేకుండా పాసవుతానో లేదో తెలియదు. తప్పని తెలిసిన జవాబుని కాగితం మీద వదిలేసి రావడం ఎంత కష్టమో నీకు తెలియాలి, నువ్వు పంచరైన బండిని రోడ్డు మీదకి పంపినట్టుంటుంది.

గంట కొట్టింది. ఆయన చీటీ నా ముందు పెట్టారు. సాయం తీసుకోలేదు, నిజం. సాయం చేయలేదు, నిజం. మూడోది చదివి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గీత గీస్తే నేరుగా ఇంటికే, నువ్వే రాశావు. పైగా ఈసారి నా గీత వెళ్ళి తగిలేది ఆయనకే. ఆయన వెళ్ళిపోతే చివరి సంవత్సరం ఇక్కడ నాకేముంది? అన్నీ ఆలోచించాను. ఆలోచించాక కూడా చూశానన్నది చూశానన్నట్టే ఉంది. కొట్టేసి సంతకం పెట్టాను.

ఆయన చీటీ తీసుకుని చదివారు. ముందు అర్థం కాలేదు ఆయనకి.

‘ఈ ఖాళీ గదిలో ఎవరిని చూశావమ్మా?’

‘మిమ్మల్నే సార్.’

ఆయన నా ముందు బెంచీ మీద కూర్చున్నారు, పిల్లలు కూర్చునే బెంచీ, మోకాళ్ళు పట్టలేదు. ‘నువ్వు వెళ్ళిపోకూడదని చేశాను’ అన్నారు. ‘తెలుసు సార్’ అన్నాను. ఆయన జవాబుల కాగితం తిప్పి నాలుగో లెక్క దగ్గర ఆగారు. రెండో వరస అలాగే ఉంది.

తర్వాత జేబులోంచి పెన్ను తీశారు. నా సంతకం కింద కాస్త చోటు ఉంది. అక్కడ ఇలా రాశారు, నేను తలకిందులుగా చదివాను: ‘ఈమె చూసింది నిజం. సాయం చేయబోయినవాణ్ణి నేను. ఈమె తీసుకోలేదు.’ సంతకం పెట్టారు. తేదీ వేశారు. వెళ్ళి మేడంకి ఇచ్చారు. మేడం సాయంత్రం నన్ను పిలిచి ఏదో అడగబోయి, చీటీ మళ్ళీ చదువుకుని, వెళ్ళమంది. నన్ను ఇంటికి పంపమని ఆవిడ అనలేకపోయింది. ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు, కానీ వచ్చే ఏడు పరీక్షల పని ఆయనకి ఇవ్వరట. పాఠాలు మాత్రం చెబుతారు.

ఆ రోజు పెన్ను మూత పెడుతూ ఆయన నాతో ఒక మాటన్నారు. ‘ఇరవై ఏళ్ళుగా మీ అందరి చేతా పెట్టిస్తున్నాను. ఈ చీటీ మీద నేను సంతకం పెట్టడం ఇదే మొదటిసారి.’

నీ కోడలు